గాజు గొట్టంలో గులాబి వెలుగు

తెనాలిలో మా మావయ్య ఇంటి అటక మీద పొడుగాటి అట్టపెట్టె ఒకటి ఉంటుంది. మూత తీస్తే తెల్లటి ఫోమ్ మధ్య పడుకోబెట్టిన గాజు గొట్టం. నిలబెడితే నా భుజం దాకా వస్తుంది. పిడికిలంత లావు. గొట్టంలో గొట్టం, ఆ గొట్టంలో ఇంకో గొట్టం. అన్నిటికన్నా లోపలిదానిలో వాయువు వెలిగేది, దాని చుట్టూ ఉన్న గదిలో నీళ్లు తిరిగేవి. ఒక కొసన, నీళ్లు బయటికొచ్చే ముక్కు దగ్గర, వెంట్రుకంత బీట. ఏటా సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అత్తయ్య ఆ పెట్టె కిందికి దించుతుంది. "ఈ ఏడన్నా పాత సామాన్లవాడికి వేద్దామండీ" అంటుంది. మావయ్య వినపడనట్టు పేపరు తిరగేస్తాడు. భోగి మంట ఆరేలోపు పెట్టె మళ్లీ అటకెక్కుతుంది.

ఆ గొట్టం బతికున్నన్నాళ్లూ గులాబి రంగులో వెలిగింది. నిజానికి పని చేసే కిరణం అది కాదు. కార్బన్ డయాక్సైడు, నైట్రోజన్, హీలియం కలిపి నింపిన గొట్టంలోకి వేల వోల్టుల కరెంటు పంపితే పుట్టే అసలు కిరణం 10.6 మైక్రాన్లది, కంటికి ఆనదు. చెక్కను కోసేదీ అదే, వేలు పెడితే వేలిని కోసేదీ అదే. మనకు కనపడే గులాబి రంగు గొట్టం ఆరోగ్యానికి గుర్తు, అంతే. గొట్టం ముసలిదయ్యేకొద్దీ ఆ రంగు పాలిపోయి తెల్లబడుతుంది. మావయ్య రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే మెషిన్ వెనక మూత ఎత్తి, ఆ రంగు చూసి, ఆ తర్వాతే టీ తాగేవాడు.

ఆయన అసలు బోర్డు ఆర్టిస్టు. 1990ల్లో మోరిస్‌పేటలోనూ బోస్ రోడ్డులోనూ వేలాడిన బోర్డుల్లో ఆయన చెయ్యి పడనివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని అత్తయ్య చెబుతుంది. అందులో సగం నమ్మొచ్చు. ఆంధ్రా ప్యారిస్ అని పేరున్న ఊరు కాబట్టి నాటకాలవాళ్లకు తెరలూ రాసేవాడు. నాకు గుర్తున్నది సుద్ద పూసిన దారం. రేకు మీద ఆ చివరా ఈ చివరా పట్టుకుని మధ్యలో లాగి వదిలితే 'టప్' మని తెల్లటి గీత పడేది. రెండు గీతలు కొట్టి, వాటి మధ్య పెన్సిల్ తాకించకుండా నేరుగా కుంచెతో అక్షరం దింపేవాడు. గుడి, కొమ్ము, వట్రసుడి, అన్నీ ఒకే ఊపిరిలో. తర్వాత 2000ల్లో ఫ్లెక్సీ వచ్చింది. ఆ కథ అన్ని ఊళ్లదీ ఒకటే కాబట్టి మళ్లీ చెప్పను. ఎనామిల్ డబ్బాలు గట్టిపడ్డాయి. మావయ్య షీల్డులకు, ఇంటి పేరు పలకలకు, రబ్బరు స్టాంపులకు దిగాడు. అక్రిలిక్ షీటు మీద అక్షరం గీసి చేతిరంపంతో కోసేవాడు. ఒక్క 'శ్రీ' కోయడానికి పూట పట్టేది.

2017 వేసవిలో ఆయనా నేనూ హైదరాబాదు వెళ్లాం. అప్పటికి నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. "నువ్వు చదువుకున్నోడివి, పక్కన ఉండరా అల్లుడూ" అని తీసుకెళ్లాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

బాలానగర్ వైపు ఒక డీలరు షోరూమ్. లోపల ఏసీ, అద్దాల తలుపులు, నేల మీద మెరిసే పలకలు. అమ్మే కుర్రాడు మూడు మిల్లీమీటర్ల ఎర్ర అక్రిలిక్ షీటు బల్ల మీద పెట్టి బటన్ నొక్కాడు. చేతిరంపంతో పూట పట్టే 'శ్రీ' టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఊడి కిందపడింది. అంచు చూస్తే గాజులా ఉంది, పాలిష్ అక్కర్లేదు. మావయ్య ఆ అంచు మీద బొటనవేలు రాస్తూ చాలాసేపు నిలబడ్డాడు. మయసభలో దుర్యోధనుడు నీళ్లను నేలనుకున్నాడు కదా, మేమిద్దరం ఆ రోజు అసలు నీళ్లనే చూళ్లేదు. చల్లటి గదిలో ఒక మూల గుర్రుమంటూ నిలబడిన తెల్లటి పెట్టె మా కంటికి ఫ్రిజ్‌లా కనపడింది. మెషిన్ ప్రాణం ఆ పెట్టెలో ఉంది.

చెప్పిన ధర 3,85,000. బల్ల 1300 మిల్లీమీటర్ల పొడుగు, 900 వెడల్పు. ఆ వ్యాపారంలో దాన్ని 'థర్టీన్ నైంటీ' అంటారు. గొట్టం 100 వాట్లది. జూలై 1 నుంచే జీఎస్టీ మొదలైంది కాబట్టి మేము కొనే వేళకు పద్దెనిమిది శాతం, అంటే 69,300 అదనం. జీఎస్టీ నంబరున్న పెద్ద కొట్టయితే ఆ పన్ను తిరిగి సర్దుకుంటుంది. మావయ్య లాంటి చిన్నవాడికి నంబరు అక్కర్లేదు, కాబట్టి పన్ను వెనక్కీ రాదు. ముద్ర రుణంలో ఐదు లక్షల లోపు ఇచ్చే కిశోర్ కింద బ్యాంకు 4,00,000 ఇచ్చింది. మిగతాది అత్తయ్య నల్లపూసల పక్కనుండే రెండు పేటల గొలుసు. నెలకు వాయిదా 8,900, ఐదేళ్లు.

అప్పుడు డీలరు అడిగాడు, "చిల్లర్ ఏది ఇమ్మంటారు?" అని. చిల్లర్ అంటే గొట్టం చల్లబడడానికి నీళ్లు తిప్పే పెట్టె, షోరూమ్ మూల గుర్రుమన్నది అదే. రెండు రకాలున్నాయి. ఒకటి మెషిన్‌తో పాటు వచ్చేదే. రెండోది కావాలంటే 38,000 ఎక్కువ. మావయ్య నా వంక చూశాడు. నేను మొదటి పెట్టె వెనక్కి వెళ్లి చూసి, ఫ్యాను కనపడింది కాబట్టి, "ఇది చాలు మావయ్యా, ఇందులోనూ ఫ్యాను ఉంది, నీళ్లు తిరుగుతాయి" అన్నాను. నాలుగేళ్ల చదువు అక్కడ పనికొచ్చింది! మొదటిదానికి పేరే చిల్లర్, లోపల కంప్రెసర్ లేదు. కారు రేడియేటర్‌కీ దానికీ తేడా లేదు. గదిలో గాలి ఎంత వేడిగా ఉంటే నీళ్లు అంతకన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటాయి గానీ తగ్గవు. రెండోదానిలో కంప్రెసర్ ఉంది, అది నిజంగా చల్లబరుస్తుంది. చిల్లర్ దగ్గర చిల్లర చూసుకున్నాం.

దసరాకు వారం ముందు మెషిన్ లారీలో దిగింది. ఆయుధపూజ నాడు మావయ్య రంపాలు, కుంచెలు, కొత్త మెషిన్ అన్నీ కలిపి పసుపు కుంకుమ పెట్టాడు. అద్దాల మీద పసుపు పడకుండా నేను చేతులు అడ్డం పెట్టాను. ఈ రకం లేజర్ కనిపెట్టింది ఎవరని ఆయన అడిగితే చూసి చెప్పాను. కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివి, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో 1964లో ఈ కార్బన్ డయాక్సైడు లేజర్ చేశాడు. అంతకు నాలుగేళ్ల ముందే మైమన్ కెంపు రాయితో మొట్టమొదటి లేజర్ వెలిగించాడు గానీ, చెక్కా గుడ్డా కోసే కొట్లన్నిటికీ తాత మాత్రం ఈ పటేలే. "మనోడేంట్రా!" అని మావయ్య పొంగిపోయాడు. ఆ మెషిన్ మీద ఆయన చెక్కిన మొదటి బొమ్మ పటేల్‌దే, ప్లైవుడ్ ముక్క మీద. దాన్ని వినాయకుడి పటం కింద మేకుకు తగిలించాడు. గిరాకీలు ఎవరని అడిగితే, "మా కొట్టు మూలపురుషుడు" అనేవాడు.

మెషిన్‌ను ఆయన కుంచె పట్టినంత శ్రద్ధగా పట్టాడు. గొట్టంలోంచి వచ్చిన కిరణం మూడు అద్దాల మీద మలుపులు తిరిగి, చివర జింక్ సెలినైడు కటకం గుండా కిందికి దిగుతుంది. ఒక్క అద్దం వెంట్రుకవాసి ఒరిగినా బల్ల ఒక మూల తెగుతుంది, ఇంకో మూల తెగదు. అద్దం ముందు మాస్కింగ్ టేపు అతికించి, ఒక్క క్షణం కిరణం వదిలి, నాలుగు మూలల్లోనూ కాలిన చుక్క ఒకే చోట పడేదాకా మరలు తిప్పాలి. కంపెనీ మనిషికి గంట పట్టిన పని మావయ్య పదిహేను నిమిషాల్లో చేసేవాడు. సుద్ద దారం కొట్టిన కన్ను అది. కాస్ట్ షీటు మీద చెక్కితే తెల్లగా మంచు పట్టినట్టు వస్తుందనీ, చవక షీటయితే కరిగి పారదర్శకంగానే ఉండిపోతుందనీ కొనేటప్పుడే అంచు చూసి పసిగట్టేవాడు. కటకాన్ని రోజూ స్పిరిట్‌తో తుడిచేవాడు. మెషిన్ నడుస్తుండగా కొట్టు వదిలి వెళ్లేవాడు కాదు. అక్రిలిక్ మీద కిరణం ఒక్కచోట ఆగిపోతే మంట లేవడానికి ఎంతోసేపు పట్టదు. ఫోన్ మోగినా అక్కడే నిలబడి మాట్లాడేవాడు.

కానీ ఆయన్ను ఊళ్లో నిలబెట్టింది ఇదేదీ కాదు. తలకట్టు.

తెలుగు అక్షరాన్ని కత్తిరించడంలో ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరం దాదాపు ఎప్పుడూ ఒకటే ముక్క. మన 'ప', 'స', 'హ' అట్లా కాదు, తలకట్టు మొండేనికి తగలకుండా గాల్లో ఉంటుంది. వత్తులు కింద విడిగా వేలాడతాయి. కాగితం మీద ఫరవాలేదు. షీటులో కోస్తే మాత్రం ఇలాంటి ప్రతి అక్షరం రెండు మూడు ముక్కలై చేతిలోకి వస్తుంది. 'పద్మ నిలయం' కోస్తే 'ప' తలకట్టు ఒక చోట, మొండెం ఒక చోట, 'మ' వత్తు ఇంకో చోట. డీటీపీ వాళ్ల దగ్గరున్న ఫాంటులన్నీ అచ్చు కోసం చేసినవే. అందుకే లేజర్ కొట్లన్నీ "పేరు ఇంగ్లీషులో పెట్టించుకోండి సార్, నీటుగా ఉంటది" అనేవి. కాదంటే వెనక పారదర్శకం షీటు వేసి అతికించేవి. మావయ్య నెల రోజులు కూర్చుని, కాగితం మీద కుంచెతో అక్షరాలన్నీ మళ్లీ రాశాడు. తలకట్టు కుడి కొసను కొంచెం సాగదీసి, మొండెం భుజం మీద తీగలా వాల్చాడు. వత్తును పై అక్షరం పాదంతో సన్నగా ముడివేశాడు. ఎక్కడ ముడేసినా అది అతుకులా కనపడకూడదు, రాసేటప్పుడు చెయ్యి సహజంగా జారినట్టే ఉండాలి. ముడి మందం ఒకటిన్నర మిల్లీమీటరు. అంతకన్నా తగ్గితే విరుగుతుంది, పెరిగితే అక్షరం మొద్దుబారుతుంది. వాటిని స్కాన్ చేసి కోరల్‌డ్రాలో నేను ట్రేస్ చేశాను. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, కలిపి నాలుగు వందల చిల్లర బొమ్మలు. నా జీవితంలో చేసిన పనికొచ్చే పని అదొక్కటేనేమో.

2018 ఆయన సంవత్సరం. గుంటూరు నుంచి, బాపట్ల నుంచి పెళ్లి మండపాలవాళ్లు వచ్చేవాళ్లు. వధూవరుల పేర్లు తెలుగులో, ఒకే ముక్కగా, నాలుగడుగుల పొడుగున, వెనక పూలు కనపడేట్టు! కేకు మీద గుచ్చే 'పుట్టినరోజు శుభాకాంక్షలు' కూడా తెలుగులో దొరికే కొట్టు ఇదొక్కటే. బయటివాళ్ల పనికి నిమిషానికి పదిహేను రూపాయలు తీసుకునేవాడు. వాయిదా పోను మిగిలేది. అత్తయ్యకు గొలుసు తిరిగొచ్చింది. సాయంత్రాలు మెషిన్ పక్కన కూర్చుని సగం తెరిచిన షట్టరు కింద నుంచి రోడ్డు చూస్తుండే మావయ్య ముఖం నాకు ఇప్పటికీ ఆ ఏటి ముఖంగానే గుర్తు.

ఆ వేసవి గడవడం మాత్రం చిత్రంగా జరిగింది. మా వైపు లేజర్ కొట్టుకు సీజన్ అంటే ఎండాకాలమే. వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్లు, బడులు తెరిచే ముందు పలకలు, బ్యాడ్జీలు, ఏడాది చివరి షీల్డులు, అన్నీ అప్పుడే. గొట్టానికి కావలసింది పాతిక డిగ్రీల లోపు నీళ్లు. మేలో బయట నలభై మూడు, సిమెంటు రేకుల కింద ఆ కొట్టులో ఇంకా ఎక్కువ. కడుపు నింపే నెలలూ, ప్రాణం తీసే నెలలూ అవే. అయితే 2018లో మే 16 నుంచి జూన్ 13 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది. అధికమాసంలో పెళ్లిళ్లుండవు. సరిగ్గా రోళ్లు పగిలే రోజుల్లో మెషిన్‌కు పని లేకపోయింది. గొట్టం బతికిపోయింది. "చూశావా, మన చిల్లర్ ఎండాకాలం గట్టెక్కించింది" అన్నాడు మావయ్య. నేనూ అవునన్నాను. పంచాంగం చేసిన మేలును పెట్టె ఖాతాలో రాసుకున్నాం.

2019 ఏప్రిల్ 11న ఎన్నికలు. మార్చి నుంచే పార్టీల మనుషులు కొట్టు చుట్టూ తిరిగారు. ఫ్యాను, సైకిలు, గాజు గ్లాసు, ఏ గుర్తైనా సరే, వందల్లో కావాలి, రేపటికి కావాలి. అక్రిలిక్‌లో చేస్తే వాళ్లకు గిట్టదు. సన్‌బోర్డు తెచ్చి బల్ల మీద పడేశారు. సన్‌బోర్డు అంటే పీవీసీ నురుగు పలక. కిరణం తగిలితే అందులోంచి హైడ్రోజన్ క్లోరైడు పొగ వస్తుంది, గాలిలో తేమతో కలిసి ఆమ్లమవుతుంది. మనిషి ఊపిరితిత్తులనూ మెషిన్ ఇనుమునూ ఒకేలా తింటుంది. మావయ్యకు తెలియక కాదు. షట్టరు లోపలివైపు 'సన్‌బోర్డు కోయబడదు' అని ఎర్ర ఎనామిల్‌తో రాసిపెట్టింది ఆయనే. రెండు పార్టీలవాళ్లను తిప్పి పంపాడు. మూడోసారి వచ్చినవాళ్లు నోట్లు ముందే లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. అది మా మరదలి కాలేజీ ఫీజు కట్టాల్సిన వారం.

మూడు రాత్రులు కోశాడు. పనికి పెట్టుకున్న కుర్రాణ్ని ఇంటికి పంపేసి, ముక్కుకు తడి తువాలు కట్టుకుని, ఎగ్జాస్ట్ ఫ్యాను మీద భారం వేసి ఒక్కడే కోశాడు. తన అక్షరాలతోనే తను రాసుకున్న ఆ బోర్డుకు ఎదురుగా నిలబడి. నాలుగో రోజు దగ్గు పట్టుకుంది. వారానికి కటకం మోసే తలకాయ నడిచే పట్టాల మీద నారింజ రంగు తుప్పు చుక్కలు తేలాయి. కిరసనాయిలు వేసి తుడిచాడు, నూనె రాశాడు. తుప్పు పోయింది గానీ దాని కింద పడ్డ గుంటలు పోలేదు. బేరింగులు ఆ గుంటల్లో సన్నగా అదిరేవి. ఇంగ్లీషు అక్షరం కోస్తే తేడా తెలిసేది కాదు. ఒకటిన్నర మిల్లీమీటరు ముడి దగ్గర తెలిసేది. తలకట్టు వాలే చోట కోత రెండు వైపుల నుంచీ కొద్దిగా లోపలికి ఒరిగి, ముడి మిల్లీమీటరుకు దిగేది. షీటులోంచి అక్షరం ఎత్తుతుంటే అక్కడే పుటుక్కుమనేది. మొదటిసారి విరిగిన 'హ'ను మావయ్య అరచేతిలో పెట్టుకుని చూసిన చూపు నేను ఇక్కడ వర్ణించబోను.

మే 23న ఫలితాలు. గెలిచినవాళ్లకు మెమెంటోలు కావాలి, 30న విజయవాడలో ప్రమాణ స్వీకారం. మధ్యలో, 25న, రోహిణి కార్తె ప్రవేశించింది. ఈసారి అధికమాసం లేదు. పగలూ రాత్రీ మెషిన్ నడిచింది. నీళ్లు నలభై ఆరు డిగ్రీలు చూపించాయి. వేడెక్కిన గొట్టం బలం తగ్గి, కోత కిందిదాకా దిగేది కాదు. దిగడం లేదని కరెంటు పెంచారు, పెంచినకొద్దీ ఇంకా వేడెక్కింది. ఇంట్లో ఫ్రిజ్ నిండా నీళ్ల సీసాలు గడ్డకట్టించి, గంటకు నాలుగు చొప్పున అత్తయ్య కొట్టుకు పంపేది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పంపు ఆగింది, నీళ్లు గొట్టంలోనే వేడిగా నిలిచిపోయాయి. కరెంటు వచ్చేసరికి కుర్రాడు ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి, పగలగొట్టి ట్యాంకు నిండా వేసి ఉన్నాడు. మావయ్య స్విచ్ వేశాడు. మంచు నీళ్లు వేడెక్కిన గాజులోకి దూకాయి.

చప్పుడు పెద్దదేం కాదు. గాజులు తొడుక్కునేటప్పుడు ఒకటి చిట్లినట్టు. తర్వాత నీళ్లు కారి హైవోల్టేజ్ తీగ మీద పడి, పవర్ సప్లై 'ఫట్' మంది. మూత ఎత్తేసరికి గొట్టంలో ఏ రంగూ లేదు.

కొత్త గొట్టం, కొత్త పవర్ సప్లై కలిపి 42,000. బ్యాంకు ఇవ్వదు కాబట్టి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ గొట్టం మీద 100 వాట్లని రాసి ఉంది, పనితనం చూస్తే 80 కూడా ఉన్నట్టు లేదు. అప్పుడు గానీ అసలైన చిల్లర్ కొనలేదు. రెండేళ్ల కిందట 38,000 ఎక్కువన్న వస్తువును ఇప్పుడు అప్పు చేసి తెచ్చాం. వానాకాలంలో అదీ ఒక పాఠం నేర్పింది. నీళ్లు మరీ చల్లగా పెడితే ఉక్కపోతకు గొట్టం మీద చెమట పడుతుంది, ఆ చెమట మీదుగా కరెంటు పాకుతుంది. పాతిక దగ్గర నిలబెట్టాలని తెలిసేలోపు ఇంకో తీగ కాలింది.

ఆ ఏడాది చివర కుర్రాడు మానేశాడు. మావయ్య వాడికి అద్దాలు తిప్పడం నేర్పాడు, షీటు అంచు చూడడం నేర్పాడు. "గురువు గారూ, మా బావ కొట్టు పెడుతున్నాడు" అని చెప్పి, కాళ్లకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు. పెన్‌డ్రైవ్ సంగతి తర్వాత తెలిసింది. నాలుగు వందల చిల్లర అక్షరాలూ అందులో వెళ్లాయి. అత్తయ్య పోలీసు రిపోర్టు అంది. "అక్షరాలు దొంగతనం చేశాడని రాయిస్తావా? వాళ్లు నవ్వుతారు" అన్నాడు మావయ్య. అప్పటికి ఊళ్లో లేజర్లు నా లెక్కలో ఏడు. నిమిషం రేటు పదికి, ఎనిమిదికి, ఆరుకు దిగింది. పెద్ద బోర్డులవాళ్లు స్టీలు అక్షరాలు అడగడం మొదలెట్టారు. ఈ గాజు గొట్టం స్టీలును కోయలేదు, దానికి ఫైబర్ లేజర్ కావాలి. ఆ ధర అడగడానిక్కూడా మేము వెళ్లలేదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్. పెళ్లిళ్లు లేవు, బడులు లేవు. వాయిదాలు ఆగస్టు ఆఖరు దాకా కట్టనక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. వడ్డీకి మాత్రం వెసులుబాటు లేదు, అది పక్కన పెరుగుతూనే ఉంది. మూడు రూపాయల వడ్డీవాడికి ఏ వెసులుబాటూ వర్తించదు. మందుల షాపులకు అడ్డంగా పెట్టే అక్రిలిక్ పలకలు నాలుగైదు చేశాడు, ఆ తర్వాత షీటే దొరకలేదు. కొట్టు అద్దెకు గొలుసు మళ్లీ వెళ్లింది, ఈసారి తిరిగి రాలేదు.

2021 మాఘంలో మెషిన్ అమ్మేశాడు. నరసరావుపేట నుంచి ఎవరో వచ్చి 70,000కు బేరమాడారు. పట్టాల మీద గుంటలు మావయ్యే వేలు పెట్టి చూపించాడు, దాచలేదు. దాంతో 65,000కు దిగింది. లారీ ఎక్కించేముందు కటకం తుడిచి, టేపు అతికించి, నాలుగు మూలలా చుక్క సరిచూసి ఇచ్చాడు. కొనుక్కున్నవాళ్లు తొందరపడుతున్నా ఆగలేదు. పటేల్ బొమ్మ మేకు మీదే ఉండిపోయింది. తర్వాత ఆ కొట్టు అద్దెకు తీసుకున్న సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు దాన్ని ఎవరో పెద్దాయన పటమనుకుని రోజూ అగరొత్తి వెలిగించేవాడట.

ఇప్పుడు మావయ్య ఒక స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుంటాడు. చేతిలో జుయ్‌మనే చిన్న కరెంటు కలం. పెళ్లికి చదివించే గిన్నెల మీద, బిందెల మీద ఇచ్చినవాళ్ల పేరూ తేదీ చెక్కుతాడు. పేరుకు పది రూపాయలు. బ్యాంకు బాకీ పోయిన ఏడాదికి తీరింది.

మొన్న ఫాల్గుణంలో రేపల్లె దగ్గర మా చుట్టాల పెళ్లి. కారు దిగేసరికి పందిరి ముందు 'సుస్వాగతం' అని నిలువెత్తు అక్షరాలు, ఎండీఎఫ్ చెక్కలో కోసి బంగారు రంగు పూసినవి. పూలదండల మధ్య గాల్లో నిలబడ్డాయి. వెనక షీటు లేదు. 'సు' తలకట్టు కుడి కొస కొద్దిగా సాగి, మొండెం భుజం మీద తీగలా వాలి ఉంది. 'స్వా' కింద వత్తు పాదంతో ముడిపడి ఉంది. నేను మావయ్య వంక చూశాను. ఆయన అప్పటికే అటు నడుస్తున్నాడు.

ముందునుంచి కాదు, పందిరి గుంజ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు. తలకట్టు వాలిన చోట చూపుడు వేలు పెట్టి, మెల్లగా అంచు వెంట కిందిదాకా లాగాడు. వేలు ఎత్తి నాకు చూపించాడు. కొస నల్లగా మసి.

"కోత మీద ఊదే గాలి తక్కువ పెట్టాడు" అన్నాడు. "కటకం తుడిచి చాలా రోజులైంది."

జేబులోంచి చేతిరుమాలు తీసి, 'సు' వెనకవైపు అంచంతా శుభ్రంగా తుడిచాడు. తర్వాత 'స్వా'. లోపల మేళతాళాలు వాయించడం మొదలైంది, అత్తయ్య కేకేస్తోంది. 'తం' దాకా తుడిచి వస్తానన్నట్టు చెయ్యి ఊపాడు.